కొత్త చాసిస్, పాత ఇంజన్: ఒక గ్లైడర్ లారీ కట్టిన కేసు

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. మన దగ్గర లారీ కొనడమంటే కంపెనీ నుంచి ఇంజన్‌తో సహా చాసిస్ తెచ్చుకుని, బాడీ బయట కట్టించుకోవడం. అమెరికాలో గ్లైడర్ కిట్ అంటే దీన్ని తిరగేసిన పని. క్యాబిన్, ఫ్రేమ్, ముందు యాక్సిల్, స్టీరింగ్, బ్రేకులు, వైరింగ్, డ్యాష్‌బోర్డు అన్నీ ఫ్యాక్టరీ నుంచి కొత్తవి వస్తాయి. ఇంజన్, గేర్‌బాక్స్ మాత్రం రావు. చాలా కిట్లలో వెనక యాక్సిళ్లు కూడా ఉండవు. వాటిని పాత లారీ నుంచి తీసి, ఓవరాలింగ్ చేయించి మనమే ఎక్కించుకోవాలి.

నేను టెక్సాస్‌లో ఒక డీజిల్ షాపులో పనిచేస్తాను. 2016లో కట్టిన ఒక గ్లైడర్ గురించి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బండిలో ఇంజన్ బాగుందా, గేర్‌బాక్స్ బాగుందా అని అందరూ అడుగుతారు. ఈ పనిలో నేను నేర్చుకున్నది వేరు. విడిగా చూస్తే ప్రతి వస్తువూ బాగానే ఉంటుంది. పాతది కొత్తదానికి తగిలే చోట, అంటే అతుకుల దగ్గర, బండి ఇబ్బంది పెడుతుంది. మాకు వచ్చిన ప్రతి సమస్యా అలాంటి చోట నుంచే వచ్చింది.

ఓనరు మన తెలుగాయనే, నాకంటే పదేళ్లు పెద్ద. రెండు లారీలతో కూరగాయలు, మాంసం తోలే రీఫర్, అంటే శీతల ట్రెయిలర్ల, వ్యాపారం. ఆయన బండ్లలో ఒకటి 2007 నిబంధనల తర్వాత వచ్చిన మోడల్. పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోయేది. ఒక ఏడాదిలో మూడుసార్లు హైవే మీద ఆగిపోయి, టో చేయించాల్సి వచ్చింది. సరుకు ఆలస్యమైతే రీఫర్‌లో ఎంత నష్టమో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. ఒకరోజు షాపుకు వచ్చి, "తమ్ముడూ, నువ్వు చేత్తో విప్పి బాగు చేయగలిగిన బండి నాకొకటి కావాలి" అన్నారు. అప్పటికే ఫ్రైట్‌లైనర్ కొరొనాడో గ్లైడర్ ధర అడిగి వచ్చారు. "అన్నా, కిట్ సంగతి తర్వాత. ముందు ఇంజన్ ఎక్కడి నుంచి తెస్తారో చెప్పండి" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, చాలామంది కిట్ ముందు కొని, ఇంజన్ ఒకచోట, గేర్‌బాక్స్ ఒకచోట, యాక్సిళ్లు ఇంకోచోట దొరికినవి దొరికినట్టు తెచ్చుకుంటారు. ఇక్కడ ఒక చట్టం మెలిక ఉంది. కొత్త క్యాబిన్ పెట్టి కట్టిన లారీని కొత్తగా తయారైన బండిగా చూడకూడదంటే, ఇంజన్, గేర్‌బాక్స్, డ్రైవ్ యాక్సిళ్లు మూడూ పాతవై ఉండాలి, వాటిలో కనీసం రెండు ఒకే లారీ నుంచి వచ్చి ఉండాలి. ఇది ఫెడరల్ భద్రతా నిబంధన. అలా లేకపోతే ఆ రోజుకు అమల్లో ఉన్న భద్రతా ప్రమాణాలన్నీ పాటించాల్సిన బాధ్యత, కట్టినవాడి మీద, అంటే మా మీద పడుతుంది. అందుకే విడి సామాను వద్దు, సామాను ఇచ్చే పాత లారీని, అంటే డోనర్ లారీని, మొత్తంగా కొందామని పట్టుబట్టాను.

నెలన్నర వెతికితే సాల్వేజ్ యార్డులో ఒకటి దొరికింది. పల్టీ కొట్టిన 1999 ఫ్రైట్‌లైనర్. క్యాబిన్ నలిగిపోయింది కానీ ఇంజన్ తిరుగుతోంది. డెట్రాయిట్ సిరీస్ 60, 12.7 లీటర్లు, ఇంజన్‌ను నడిపే డీడెక్-4 కంప్యూటర్, వెనక ఈటన్ ఫుల్లర్ 13 గేర్ల బాక్స్. ఆ ఇంజన్ అంటే నాకు నిజంగా ఇష్టం. వరసగా ఆరు సిలిండర్లు, క్యామ్ షాఫ్ట్ హెడ్ మీదే, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో యూనిట్ ఇంజెక్టర్. టాప్ కవరు విప్పితే అంతా కళ్ల ముందే ఉంటుంది. ఈజీఆర్ రాకముందు మోడల్ కాబట్టి పొగను చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే గొట్టాల గొడవ లేదు. గేర్‌బాక్స్ మోడల్ ఆర్‌టీఎల్‌ఓ-16913ఏ. 16 అంటే 1,650 పౌండ్-ఫుట్ల టార్క్ తట్టుకుంటుందని. మా ఇంజన్ సెట్టింగ్ 500 హార్స్‌పవర్, 1,650 టార్క్. సరిగ్గా సరిపోయింది. వెనక యాక్సిళ్లు మాత్రం పల్టీలో దెబ్బతిన్నాయి. వాటికి బదులు ఓవరాలింగ్ చేసిన వేరే జత, 3.55 రేషియోది (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ 3.55 చుట్లు) తీసుకున్నాం. ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే లారీవి కాబట్టి నిబంధనకు సరిపోయింది. ఈ యాక్సిళ్లే తర్వాత రెండుసార్లు మమ్మల్ని తిప్పలు పెట్టాయి.

ఇంజన్‌ను పూర్తిగా దించి మెషిన్ షాపుకు పంపాం. బిల్లు మీద "రీమాన్" (తిరిగి తయారుచేసినది) అని రాసి ఉంటే చాలదని ఓనరుకు ముందే చెప్పాను. ఆ మాటకు ఎవరి అర్థం వాళ్లది. ఒకరు బ్లాకును ఫ్యాక్టరీ కొలతలకు తెస్తారు, ఇంకొకరు చెడినవి మాత్రం మార్చి రంగు వేస్తారు. నాకు కావాల్సింది కొలతల కాగితం: క్రాంక్ జర్నల్స్ సైజు, మెయిన్ బేరింగుల వరస, హెడ్‌కు ప్రెషర్ టెస్ట్, క్యామ్ లోబులు, ఆరు లైనర్ల (సిలిండర్ లోపలి తొడుగుల) ఎత్తు. మెషిన్ షాపాయన మొదట విసుక్కున్నాడు. పాతికేళ్లుగా ఎవరూ అడగలేదన్నాడు. చివరికి ఇచ్చాడు. చూస్తే నాలుగో లైనర్ ఎత్తు పక్కవాటికన్నా తక్కువగా ఉంది. లైనర్లు ఎగుడుదిగుడుగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద ఒత్తిడి సమంగా పడదు, లోడు మీద ఎక్కడో ఒకచోట లీకవుతుంది. బ్లాకులో లైనర్ కూర్చునే గట్టును మళ్లీ కోయించి, షిమ్ (పలచని రేకు) వేయించి సరిచేశాం. కాగితం అడగకపోతే ఆ సంగతి మాకు వేల మైళ్ల తర్వాత, ఏ కొండ ఎక్కుతున్నప్పుడో తెలిసేది.

ఇంజన్ తిరిగొచ్చింది. గేర్‌బాక్స్ తగిలించే ముందు నేను ఎప్పుడూ వదలని పని ఒకటుంది. ఇంజన్ వెనక ఫ్లైవీల్ హౌసింగ్‌కు డయల్ గేజ్ పెట్టడం. గేర్‌బాక్స్ వచ్చి తగిలే ఆ గుండ్రటి కేసింగ్, క్రాంక్ ఒకే మధ్య గీత మీద ఉన్నాయో లేదో అలా తెలుస్తుంది. మా హౌసింగ్ పల్టీలో పగిలింది కాబట్టి వేరేది వేశారు. డయల్ గేజ్ అయస్కాంతాన్ని ఫ్లైవీల్‌కు అంటించి, ముల్లును హౌసింగ్ లోపలి అంచుకు ఆనించి, క్రాంక్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాను. ముల్లు 14 థౌ దాకా వెళ్లింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పరిమితి 8 థౌ. కంటికి కనిపించదు, చేతికి తెలియదు. కానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్, క్రాంక్ ఒకే గీత మీద ఉండవు. ప్రతి చుట్టుకూ షాఫ్ట్ కాస్త వంగుతుంది, క్లచ్ హబ్ అరుగుతుంది, ముందు బేరింగ్ పోతుంది. ఆర్నెల్ల తర్వాత అందరూ గేర్‌బాక్స్ బాగుచేసినవాడిని తిడతారు. బోల్టులు వదులు చేసి, మెత్తని సుత్తితో తట్టుతూ, మళ్లీ బిగిస్తూ, మళ్లీ డయల్ చూస్తూ పోతే ఒక పూట పట్టింది. 5 థౌ దగ్గర నిలిచింది. అక్కడే డోవెల్ రంధ్రాలు రీమర్‌తో పెద్దవి చేసి, పెద్ద సైజు డోవెల్ పిన్నులు కొట్టాం. ఓనరు ఆ పూటంతా పక్కనే నిలబడి చూశారు. మధ్యాహ్నం భోజనానికి పిలిచినా కదల్లేదు.

క్లచ్ గురించి ఒక్క మాట. రిలీజ్ బేరింగ్‌కు, క్లచ్ బ్రేకుకు మధ్య అర అంగుళం. ఫోర్కుకు, బేరింగ్‌కు మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు. ఈ రెండూ క్లచ్ కొత్తగా వేసినప్పుడే కుదరాలి. పెడల్ దగ్గర లింకేజీ తిప్పి సర్దుకుందామని చూస్తే ఒకటి కుదిరితే రెండోది తప్పుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేసిన రోజు షాపులో పండగలా ఉంది. మర్నాడు ఖాళీ ట్రెయిలర్‌తో టెస్టుకు తీసుకెళ్తే, ఏసీ, లైట్లు వేసినప్పుడు ఇంజన్ క్షణం పాటు తెగి మళ్లీ అందుకుంటోంది. డీడెక్-4కు లాప్‌టాప్ తగిలించకుండానే కోడు చూడొచ్చు. డయాగ్నోస్టిక్ స్విచ్ నొక్కితే చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ అంకెలు చెబుతుంది. నాలుగుసార్లు వెలిగింది, ఆగింది, ఆరుసార్లు వెలిగింది. 46, అంటే కంప్యూటర్‌కు బ్యాటరీ వోల్టేజీ తగ్గుతోంది. బ్యాటరీలు కొత్తవి, ఆల్టర్నేటర్ కొత్తది. ఓనరుకు టెన్షన్ పట్టుకుంది. పాత కంప్యూటర్ పోయిందేమోనని ఆయన భయం.

కంప్యూటర్ ఎర్త్ వైరు దగ్గర నుంచి బ్యాటరీ నెగిటివ్ దాకా మీటరు పెట్టాను. లోడు మీద 1.2 వోల్టులు పడిపోతోంది. వైరును చేత్తో పట్టుకుంటూ పోతే, ఫ్రేమ్ మీద ఒక బోల్టు దగ్గర ఆగింది. ఈ కంప్యూటర్‌కు పవరు, ఎర్త్ రెండూ నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. మా దగ్గర వైరింగ్ చేసిన కుర్రాడు దగ్గర్లో ఉందని ఎర్త్‌ను ఫ్రేమ్‌కు బిగించాడు. కొత్త ఫ్రేమ్ కదా, ఫ్యాక్టరీ పెయింటు మందంగా, నిగనిగలాడుతూ ఉంది. వైరు చివర రింగు ఆ పెయింటు మీద కూర్చుంది. బోల్టు మరల ద్వారా ఏదో కాస్త కరెంటు పోతోంది, అంతే. పాత తుప్పు ఫ్రేమ్ అయితే వాడు గీకి బిగించేవాడు. కొత్తది, శుభ్రంగా ఉందని వదిలేశాడు. వైరును బ్యాటరీ దాకా లాగాం. లైటు మళ్లీ రెండు, ఐదు వెలిగింది. 25 అంటే కోడులేమీ లేవని.

తర్వాత స్పీడోమీటర్. జీపీఎస్ 65 చూపిస్తుంటే డ్యాష్‌బోర్డు 62 దాటలేదు. కంప్యూటర్ డోనర్ లారీది కాబట్టి దాని మనసులో ఇంకా పాత యాక్సిల్ రేషియో 3.70 ఉంది. ఇప్పుడున్నది 3.55. గేర్‌బాక్స్ తోక దగ్గర షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, రేషియోతో, టైరు మైలుకు తిరిగే చుట్లతో భాగించి అది వేగం లెక్క కడుతుంది. రేషియో తప్పయితే వేగం, మైళ్లు రెండూ 4 శాతం తక్కువ వస్తాయి. పోలీసు టికెట్ ఒక్కటే కాదు సమస్య. ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగామో దాన్నిబట్టి రాష్ట్రాల మధ్య ఇంధన పన్ను ఒప్పందమైన ఇఫ్టా కింద డీజిల్ పన్ను లెక్క ఇవ్వాలి. ఓడోమీటర్ తప్పయితే ఆ లెక్కంతా తప్పే. రేషియో, మైలుకు 501 చుట్ల టైరు, టాప్ గేరు 0.73 ఎక్కించి, ఆరు ఇంజెక్టర్ల కోడు నంబర్లు కూడా సరిచూశాం.

కొనేముందే ఈ లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. గంటకు 65 మైళ్ల వేగంలో ఆ టైరు నిమిషానికి సుమారు 543 చుట్లు తిరుగుతుంది. దాన్ని 3.55తో, ఆపైన 0.73తో గుణిస్తే ఇంజన్ 1,407 ఆర్‌పీఎం. 3.70 అయితే 1,467. ఈ ఇంజన్ టార్క్ 1,200 దగ్గర పూర్తిగా అందుతుంది. 1,400 దగ్గర నడిపితే డీజిలూ కలిసొస్తుంది, కొండ వచ్చినప్పుడు గేరు మార్చకుండా కాస్త దూరం లాగుతుంది.

ఇక అసలు తల తిన్న సమస్య. 55 మైళ్లు దాటితే సీటు కింద సన్నగా వణుకు. లోడు వేసినా, తీసినా ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించాం, పోలేదు. టైర్లు మార్చి చూశాం, పోలేదు. వారం గడిచింది. అప్పుడు చేయాల్సిన పని, నిజానికి మొదటిరోజే చేయాల్సిన పని చేశాను. యాంగిల్ గేజ్ తీసుకుని కిందకు దూరాను. గేర్‌బాక్స్ వెనక్కి 3.5 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 5 డిగ్రీలు, యాక్సిల్‌లో షాఫ్ట్ తగిలే పినియన్ 1.5. షాఫ్ట్ రెండు చివర్లా ఉండే కీళ్లను క్రాస్ అంటాం. అంటే ముందు క్రాస్ దగ్గర కోణం 1.5, వెనక క్రాస్ దగ్గర 3.5. రెండు క్రాసుల కోణాలూ 3 డిగ్రీల లోపు ఉండాలి, వాటి మధ్య తేడా 1 డిగ్రీ దాటకూడదు. దాటితే ముందు క్రాస్ పుట్టించే ఊపును వెనక క్రాస్ రద్దు చేయలేదు. షాఫ్ట్ ఎంత బ్యాలెన్స్ చేసినా వణుకు పోదు.

పినియన్ ఎందుకు వంగింది? ఎయిర్ సస్పెన్షన్‌లో ఫ్రేమ్ ఎత్తు మారితే యాక్సిల్ కూడా కాస్త తిరుగుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే వెనక ఫ్రేమ్ ఉండాల్సినదానికన్నా ముప్పావు అంగుళం కిందికి ఉంది. ఎత్తును నిలిపే వాల్వుకు యాక్సిల్ నుంచి ఒక చిన్న కడ్డీ వస్తుంది. ఓవరాలింగ్ యాక్సిల్ మీద ఉన్న పాత బ్రాకెట్ వేరే మోడల్‌ది, కాస్త పొట్టిది. బోల్టు రంధ్రాలు కుదిరాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సరైన బ్రాకెట్ తెచ్చి ఎత్తు సరిచేస్తే షాఫ్ట్ 5.2, పినియన్ 3.4కు వచ్చాయి. ముందు 1.7, వెనక 1.8. వణుకు పోయింది. ఓనరు కప్పులో కాఫీ నింపి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, 65లో పది మైళ్లు నడిపి చూశారు.

రోడ్డెక్కాక ఒక పని మాత్రం ఆయన చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాను. మొదటి ఆయిల్ మార్చినప్పుడు, ఆ తర్వాత ప్రతిసారీ శాంపిల్ ల్యాబుకు పంపాలి. మొదటి 5,000 మైళ్ల శాంపిల్‌లో ఇనుము ఎక్కువ, సిలికాన్ 28 పీపీఎం (పది లక్షల్లో 28 వంతులు). కొత్త రింగులు కుదురుకునేటప్పుడు ఇనుము వస్తుంది, గ్యాస్కెట్ సీలెంట్ నుంచి సిలికాన్ వస్తుంది. కంగారు పడలేదు. రెండోసారి ఇనుము బాగా తగ్గింది. సిలికాన్ మాత్రం 31 అయింది. తగ్గాల్సింది పెరిగిందంటే అది సీలెంట్ కాదు, దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో దాకా గొట్టం మొత్తం చూశాం. కొత్త చాసిస్ గొట్టం సైజు, పాత టర్బో మూతి సైజు ఒకటి కాదు. మధ్యలో రబ్బరు రెడ్యూసర్ వేశాం. దాని కింది వైపు క్లిప్పు కాస్త ఏటవాలుగా కూర్చుంది. లోపల వేలు పెట్టి తుడిస్తే సన్నటి బూడిదరంగు దుమ్ము అంటింది. టీ-బోల్టు క్లాంపు వేశాం. మూడో శాంపిల్‌లో సిలికాన్ 9. ఆ దుమ్ము ఇంకో 30,000 మైళ్లు పోయి ఉంటే, కొత్త లైనర్లు, రింగుల మీద పెట్టిన డబ్బంతా అరిగిపోయేది.

కాగితాల అతుకులు కూడా ఇలాంటివే. 33,000 పౌండ్లు మించిన లారీ మొదటి రిటైల్ అమ్మకం మీద 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంటుంది. లక్ష డాలర్లకు 12,000. గ్లైడర్‌కు ఈ పన్ను లేదని ఓనరుకు ఎవరో చెప్పారు. పాత లారీని రిపేరు చేస్తే, ఆ ఖర్చు కొత్తదాని ధరలో 75 శాతం మించకపోతే మినహాయింపు ఉన్నమాట నిజమే. దాన్ని గ్లైడర్లకు వాడుకోవడం మీద అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్‌తో కోర్టు కేసులే నడిచాయి. లారీ పన్నులు తెలిసిన అకౌంటెంట్ దగ్గరికి పంపాను. ఆయన కట్టేయమన్నాడు, కట్టేశాం. కిట్‌తో వచ్చిన తయారీదారు మూల పత్రం, డోనర్ లారీ టైటిల్ (యాజమాన్య పత్రం), ఇంజన్ నంబరు ఫొటో, ఓవరాలింగ్ బిల్లులు అన్నీ ఒక ఫైలులో పెట్టించాను. ఆ ఫైలు 2017 డిసెంబరులో అక్కరకొచ్చింది. డ్రైవర్ గంటలు నమోదు చేసే ఈఎల్‌డీ అప్పుడే తప్పనిసరి అయింది. 2000కు ముందు మోడల్ ఇంజన్ ఉంటే మినహాయింపు. బండి గుర్తింపు నంబరు (వీఐఎన్) కొత్తదైనా ఇంజన్ మోడల్ సంవత్సరమే లెక్క అని అధికారులు స్పష్టం చేశారు. కాకపోతే దానికి రుజువు ఆఫీసులో ఉండాలి.

పొగ సంగతి దాచకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2017లో గ్లైడర్లను పరీక్షించి, హైవే వేగంలో కొత్త లారీలకన్నా నైట్రోజన్ ఆక్సైడ్లు సుమారు 43 రెట్లు, మసి కణాలు 55 రెట్లు ఎక్కువని తేల్చింది. ఆ గాలిని హైవే పక్క ఇళ్లలో పిల్లలు పీలుస్తారు. మన డ్రైవర్లూ పార్కింగుల్లో రాత్రంతా పీలుస్తారు. 2016 అక్టోబరు నిబంధనల ప్రకారం 2018 జనవరి 1 నుంచి పాత ఇంజన్‌తో కట్టే గ్లైడర్లకు పరిమితి వచ్చింది. చిన్న సంస్థలకు ఏడాదికి 300, లేదా 2010-14 మధ్య వాళ్లు అత్యధికంగా కట్టిన సంఖ్య, ఏది తక్కువైతే అది. దాన్ని ఎత్తేస్తామన్న ప్రతిపాదన వచ్చింది. 2018 జులైలో అమలు ఆపుతామన్న ప్రకటన వచ్చి, అదే నెలలో వెనక్కీ పోయింది. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి 2010 లేదా ఆ తర్వాతి ప్రమాణాల ఇంజన్ లేని పెద్ద లారీలకు దాదాపుగా దారి మూసుకుపోయింది. ఓనరు ఆ రూటు పూర్తిగా వదులుకున్నారు. కూరగాయల లోడ్లు అక్కడి నుంచే ఎక్కువ కాబట్టి అది చిన్న నష్టం కాదు.

ఆ తర్వాత ఆయనే ఇంకో గ్లైడర్ కడదామని అడిగారు. "వద్దన్నా" అన్నాను. అప్పుడున్న కారణం ఇప్పుడు లేదు. డీపీఎఫ్ ఉన్న బండ్లను సరిగ్గా చూసుకోవడం మేమూ నేర్చుకున్నాం. ఫిల్టర్‌ను ఎప్పుడు దించి శుభ్రం చేయించాలో, అది అంత త్వరగా మూసుకుపోతోందంటే ఇంజన్‌లో ఏ ఇంజెక్టర్, ఏ టర్బో సీలు కారణమో వెతకడం తెలిసింది. ఆయన పాత లారీ అలాగే దారికొచ్చింది.

మొదటి గ్లైడర్ ఇంకా నడుస్తోంది. గ్యాలన్‌కు సగటున 6.4 మైళ్లు ఇస్తోంది. ఏడు లక్షల మైళ్లు దాటాక క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించాం. ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్లు శుభ్రంగా ఉన్నాయి. అయినా హౌసింగ్‌కు మళ్లీ డయల్ పెట్టి క్రాంక్ ఒక చుట్టు తిప్పాను. ముల్లు 5 థౌ దగ్గరే ఆగింది.